పిప్‌తో అన్‌ఇన్‌స్టాల్ చేసినా డిస్క్ ఖాళీ కావట్లేదు, మిగిలినవి ఎవరు తీయాలి?

పటమట_ఫైనలియర్
ఉబుంటు 24.04, డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్. లినక్స్‌కి ఇచ్చింది 40 జీబీ. పాత తెలుగు పత్రికల స్కాన్ పేజీల్లోంచి అక్షరాలు టెక్స్ట్‌గా బయటికి తీయడం మా ప్రాజెక్ట్. ముందు పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో ఈజీఓసీఆర్ అనే అక్షరాలు చదివే ప్యాకేజీ పెట్టాను. అది తనతో పాటు టార్చ్ అనే పెద్ద మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ, ఇంకా ఎన్‌విడియా అని మొదలయ్యే పేర్లు బోలెడు లాక్కొచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డే లేదు! తర్వాత గైడ్ మేడమ్ దాని బదులు టెసరాక్ట్ వాడమన్నారు. సరే అని 'పిప్ అన్‌ఇన్‌స్టాల్ ఈజీఓసీఆర్' కొట్టాను. అయిపోయిందని చెప్పింది. డిస్క్ చూస్తే ఎక్కడిది అక్కడే ఉంది. పెట్టేటప్పుడు అన్నీ అదే తెచ్చుకుంది కదా, పోయేటప్పుడు అదే తీసుకుపోవాలి కదా? ఇప్పుడు ఒక్కొక్కటీ పేరు పేరునా నేను తీయాలా? వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

కొరిటెపాడు_కోడర్
అవును, పేరు పేరునా తీయాలి. పిప్ నువ్వు చెప్పిన ప్యాకేజీ ఒక్కటే తీస్తుంది. దాని కోసం వచ్చినవాటి జోలికి పోదు.

పటమట_ఫైనలియర్
ఇదేం పద్ధతి అన్నా?

సర్వర్_సుబ్బులు
వెన్వ్ (ప్రాజెక్ట్‌కి విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) పెట్టుకున్నావా, నేరుగా పెట్టేశావా? 24.04లో నేరుగా పిప్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆపేస్తుందే.

పటమట_ఫైనలియర్
ఆపింది మేడమ్. సీనియర్ల గ్రూపులో ఇచ్చిన కమాండ్‌లో చివర --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని ఉంది. అది పెడితే నడిచింది. తీసేటప్పుడు కూడా అదే పెట్టమని అడిగింది.

సర్వర్_సుబ్బులు
ఆ ఫ్లాగ్‌కి ఆ పేరు ఊరికే పెట్టలేదు నాన్నా. సిస్టమ్‌ని పాడు చేసే వీలుందని పేరులోనే రాసి పెట్టారు. సీనియర్లు దాన్ని కాపీ పేస్ట్ చేసి పంచుతున్నారు. సుడో (అడ్మిన్ అధికారం) లేకుండా కొట్టావా?

పటమట_ఫైనలియర్
సుడో లేదు మేడమ్.

సర్వర్_సుబ్బులు
అయితే పెద్ద ప్రమాదం లేదు. అవన్నీ నీ హోమ్‌లో డాట్ లోకల్ ఫోల్డర్ కింద సైట్-ప్యాకేజెస్‌లో కూర్చున్నాయి. ఉబుంటు సొంత పైథాన్ సామాను వేరే చోట ఉంటుంది, డిస్ట్-ప్యాకేజెస్ అనే ఫోల్డర్‌లో. అయినా ఒక మెలిక ఉంది. ఒకే ప్యాకేజీ రెండు చోట్లా ఉంటే పైథాన్ నీ హోమ్‌లోదాన్నే ముందు చూస్తుంది. అందుకని నువ్వు పెట్టిన కొత్త వెర్షన్ నప్పక ఉబుంటు సొంత పనిముట్లు మొరాయించవచ్చు.

టెర్మినల్_తాత
అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. 'ఇదేం పద్ధతి' అంటే దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తాను.

పిప్ ఏ ప్యాకేజీ పెట్టినా దాని పక్కన డిస్ట్-ఇన్ఫో అని ముగిసే ఫోల్డర్ ఒకటి పెడుతుంది. తెరిచి చూడు, అందులో రికార్డ్ అనే ఫైల్ ఉంటుంది. ఆ ప్యాకేజీ తాలూకు ఫైళ్లు ఏవేవి ఎక్కడెక్కడ పెట్టిందో వరుసకి ఒకటి చొప్పున అందులో రాసి ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ అంటే ఆ జాబితా చదువుకుంటూ ఒక్కో ఫైలూ చెరిపేయడం, అంతకు మించి ఏమీ లేదు. ఈజీఓసీఆర్ రికార్డ్‌లో ఈజీఓసీఆర్ ఫైళ్లే ఉంటాయి, టార్చ్ ఫైళ్లు ఉండవు. అందుకే చిన్నది పోయింది, గున్న ఏనుగు మిగిలింది.

మరి టార్చ్‌ని ఎందుకు తీయదు అంటావా? నువ్వు రేపు వేరే స్క్రిప్ట్‌లో టార్చ్ వాడుతున్నావేమో పిప్‌కి తెలియదు. తెలియనిది తీయకపోవడమే మర్యాద.

డెబియన్_దాసు
తాతగారూ, ఇక్కడ మీతో నేను ఒప్పుకోను. తెలియదు అనడం సరికాదు. అదే డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్‌లో రిక్వెస్టెడ్ అని ఖాళీ ఫైల్ ఒకటి ఉంటుంది చూడండి. మనం నోరు తెరిచి పేరు చెప్పి అడిగినవాటికి పిప్ ఆ గుర్తు పెడుతుంది. వాటి వెంట వచ్చినవాటికి పెట్టదు. అంటే ఏది అడిగి తెచ్చుకున్నామో, ఏది తోకలా వచ్చిందో దానికి తెలుసు. తెలిసీ అన్‌ఇన్‌స్టాల్‌లో వాడుకోదు. ఉబుంటు సొంత ప్యాకేజీ పనిముట్టు యాప్ట్ చేసేది ఇదే పని కదా! వెంట వచ్చినవాటికి 'ఆటో' అని గుర్తు పెడుతుంది, అవసరం తీరాక ఆటోరిమూవ్ కొడితే ఊడ్చేస్తుంది. ఎప్పటినుంచో ఉన్న సదుపాయం. పిప్‌కి ఇది లేకపోవడం లోపమే.

టెర్మినల్_తాత
దాసూ, యాప్ట్‌కి మెషిన్ మొత్తం ఒకటే లెక్క. పిప్ పరిస్థితి అది కాదు. నీ కోడ్ టార్చ్‌ని ఇంపోర్ట్ చేస్తుంది, కానీ నీ కోడ్ ప్యాకేజీ కాదు, ఒట్టి ఫైల్. దాన్ని పిప్ ఎక్కడ చూస్తుంది? ఆటోరిమూవ్ పెడితే రేపు పొద్దున వందమంది 'నా ప్రోగ్రామ్ ఆగిపోయింది' అని ఇక్కడికే వస్తారు.

డెబియన్_దాసు
తీసే ముందు జాబితా చూపించి అవునా కాదా అని అడిగితే చాలు. యాప్ట్ అలాగే అడుగుతుంది.

బ్రాడీపేట_4వలైన్
అడిగితే చదివేవాళ్లు ఎంతమంది అన్నా? అందరూ 'వై' కొట్టి ఎంటర్ కొడతారు.

ల్యాబ్_అసిస్టెంట్
బ్రాడీపేట గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక అబ్బాయి పైథాన్ పాతదైపోయింది, తీసి కొత్తది పెడతానని 'సుడో యాప్ట్ రిమూవ్ పైథాన్3' కొట్టాడు. యాప్ట్ దాచలేదు. ఇవన్నీ పోతాయి అని స్క్రీన్ నిండా పేర్లు చూపించింది, అందులో ఉబుంటు-డెస్క్‌టాప్ కూడా ఉంది. 'వై' కొట్టాడు. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర, లాగిన్ అని ఒక లైను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామ్‌కి ముందు రోజు అది.

కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి లాగిన్ అయ్యి, నెట్ కేబుల్ గుచ్చి, వార్ లాగ్ కింద యాప్ట్ ఫోల్డర్‌లో హిస్టరీ డాట్ లాగ్ ఫైల్ తెరిచాను. ఏ తేదీన ఎవరు ఏ కమాండ్ కొట్టారు, ఏవి పోయాయి అనేది అందులో పేర్లతో సహా ఉంటుంది. 'రిమూవ్' అన్న వరుస చూసుకుని పోయినవాటిని మళ్లీ పెట్టించాను. ఆ ఫైల్ సంగతి అందరూ గుర్తుంచుకోండి, మెషిన్ ఫార్మాట్ చేసే పని తప్పుతుంది.

బ్రాడీపేట_4వలైన్
ఆ అబ్బాయికి ఎగ్జామ్‌లో మార్కులు పడ్డాయా మేడమ్?

ల్యాబ్_అసిస్టెంట్
పడ్డాయి. వైవాలో డిపెండెన్సీ అంటే ఏమిటని అడిగితే భేషుగ్గా చెప్పాడు 😄

కొరిటెపాడు_కోడర్
ఉబుంటు పైథాన్‌ని కదిలించకూడదని ఫస్టియర్ నుంచే నేర్పాలి. తీయడమే కాదు, పైథాన్3 అంటే వేరే వెర్షన్ వచ్చేలా లింక్ మార్చినా కష్టమే. యాప్ట్‌కి తోడుండే పనిముట్లు కొన్ని పైథాన్‌లోనే రాశారు, అవి 'యాప్ట్_పీకేజీ దొరకలేదు' అని ఏడుస్తాయి. యాప్ట్‌లో ఏది తీయాలన్నా ముందు -ఎస్ పెట్టి కొట్టండి. నిజంగా తీయదు, ఏవేవి పోతాయో చూపించి ఊరుకుంటుంది.

నోడ్_నరసరావుపేట
మా ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్‌కి పిప్ లాంటిది) ఈ గొడవే లేదు. అన్‌ఇన్‌స్టాల్ అంటే దాని కింద ఉన్నవి, ఇంకెవరికీ పనికిరానివి, అన్నీ పోతాయి. ప్రతి ప్రాజెక్ట్‌కీ దాని నోడ్_మాడ్యూల్స్ దానికే.

డెబియన్_దాసు
నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్ తెరవాలంటే ముందు టీ తాగి కూర్చోవాలి తమ్ముడూ. 2016 మార్చిలో మీ లెఫ్ట్-ప్యాడ్ కథ మర్చిపోయావా? 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎం నుంచి తీసేసుకుంటే ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి.

నోడ్_నరసరావుపేట
ఆ తర్వాతే కదా తీసేయడం మీద రూల్స్ గట్టి చేశారు. పదేళ్ల కిందటి సంగతి ఇంకా తవ్వుతారేంటి 😀

పటమట_ఫైనలియర్
అన్నలూ, నా డిస్క్ సంగతి కాస్త చూడండి.

సర్వర్_సుబ్బులు
చూద్దాం. డాట్ లోకల్‌లో ఈ ప్రాజెక్ట్ కోసం పెట్టినవి కాక వేరేవి ఉన్నాయా?

పటమట_ఫైనలియర్
లేవు మేడమ్, పిప్ వాడటం ఇదే మొదలు.

సర్వర్_సుబ్బులు
అయితే పని సులువు. 'పిప్ ఫ్రీజ్ --యూజర్' కొట్టి ఆ జాబితాని ఒక ఫైల్‌లోకి పంపు. ఫైల్ తెరిచి కళ్లతో ఒకసారి చదువు. తర్వాత 'పిప్ అన్‌ఇన్‌స్టాల్ -వై -ఆర్' అని ఆ ఫైల్ పేరు ఇచ్చి, చివర ఆ పాడు ఫ్లాగ్ పెట్టు. ఆ ఫ్లాగ్ వాడటం ఇదే ఆఖరు కావాలి.

తర్వాత 'పిప్ క్యాష్ పర్జ్'. దించుకున్న ఫైళ్ల కాపీలు హోమ్‌లో డాట్ క్యాష్ కింద దాచి ఉంటాయి. ప్యాకేజీ తీసినా అవి పోవు. టార్చ్, దాని ఎన్‌విడియా బలగం కలిపి జీబీల్లో ఉంటుంది. క్యాష్ తుడవకపోతే సగం చెత్త అక్కడే మిగులుతుంది.

కొరిటెపాడు_కోడర్
ఇంకోటి. ఈజీఓసీఆర్ మొదటిసారి నడిపినప్పుడు మోడల్ ఫైళ్లు విడిగా దించుకుంటుంది. అవి హోమ్‌లో డాట్ ఈజీఓసీఆర్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అవి పిప్ తెచ్చినవి కావు కాబట్టి ఏ రికార్డ్‌లోనూ ఉండవు. చేత్తో తీయాల్సిందే. పేరు ముందు చుక్క ఉంది కదా, ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే కానీ కనపడదు.

పటమట_ఫైనలియర్
తీశాను! జీబీలకి జీబీలు ఖాళీ అయ్యాయి. సుబ్బులు మేడమ్‌కీ కొరిటెపాడు అన్నకీ దండం.

ఇప్పుడు 'పిప్ ఇన్‌స్టాల్ పైటెసరాక్ట్' కొడితే మళ్లీ ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అంటోంది. ఆ ఫ్లాగ్ వాడొద్దన్నారు. మరి ఎలా?

టెర్మినల్_తాత
ఆ మెసేజ్‌ని శత్రువులా చూడకు. డెబియన్ 12 నుంచి, ఉబుంటులో 23.04 నుంచి పెట్టారు. ఈ పైథాన్ యాప్ట్ చేతిలో ఉంది, పిప్‌తో ఇందులో వేలు పెట్టకు అని చెప్పడమే దాని పని. అంతకుముందు సుడో పిప్ అని కొట్టి ఎంతమంది సిస్టమ్‌లు చెడగొట్టుకున్నారో నేను కళ్లారా చూశాను. కొందరు ఆ మెసేజ్ తెప్పించే గుర్తు ఫైల్‌నే చెరిపేయమని వీడియోల్లో చెప్తున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

సర్వర్_సుబ్బులు
'సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్'. ఉబుంటులో అది విడిగా పెట్టుకోవాలి, లేకపోతే ఎన్‌షూర్‌పిప్ లేదని ఎర్రర్ ఇస్తుంది. తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి 'పైథాన్3 -ఎమ్ వెన్వ్ డాట్‌వెన్వ్'. దాన్ని యాక్టివేట్ చేసి, లోపల ఎంత పిప్ కావాలంటే అంత కొట్టుకో. వద్దనుకున్న రోజు ఆ ఫోల్డర్ ఒక్కటి తీసేస్తే అన్నీ పోతాయి. ఏది దేని వెంట వచ్చిందన్న పంచాయితీయే ఉండదు.

డెబియన్_దాసు
దీన్ని మాత్రం ఒప్పుకుంటాను. అయినా పిప్‌లో ఆటోరిమూవ్ ఉండాలి.

టెర్మినల్_తాత
నువ్వు మారవు 🙂

యార్డు_లెక్కలు
నాది వేరే కష్టం, ఇక్కడే అడగొచ్చా? గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి చిన్న ప్రోగ్రామ్ రాసిస్తాను. రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రేటు, హమాలీ అన్నీ కొడితే పట్టీ ప్రింట్ వస్తుంది. కొట్టులో నెట్ ఉండీ లేనట్టే. సీజన్‌లో సరుకు దిగుతుంటే పిప్ గిర్రున తిరుగుతూ ఉంటే వాళ్లు ఊరుకోరు. నెట్ లేకుండా పెట్టే దారి ఉందా?

సర్వర్_సుబ్బులు
ఉంది. ఇంట్లో నెట్ ఉన్నచోట 'పిప్ డౌన్‌లోడ్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్ -డీ' అని ఒక ఫోల్డర్ పేరు ఇవ్వండి (రిక్వైర్‌మెంట్స్ అంటే కావాల్సిన ప్యాకేజీల పేర్లు రాసిన ఫైల్). అన్నీ వెంట వచ్చేవాటితో సహా ఆ ఫోల్డర్‌లో పడతాయి. పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లి, కొట్టులో వెన్వ్ లోపల 'పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్' అని ఆ ఫోల్డర్ చూపించండి, చివర మళ్లీ అదే రిక్వైర్‌మెంట్స్ ఫైల్. నెట్ ముఖం చూడదు. ఒక్కటే షరతు. రెండు మెషిన్లలోనూ పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాలి, రెండూ లినక్సే అయ్యుండాలి.

యార్డు_లెక్కలు
రెండూ ఒకే ఉబుంటు మేడమ్. చాలా మేలు చేశారు. యార్డుకి వస్తే చెప్పండి, మంచి తేజ కాయలు ఇప్పిస్తాను.

బ్రాడీపేట_4వలైన్
మాకు లేవా అన్నా?

ల్యాబ్_అసిస్టెంట్
రిక్వైర్‌మెంట్స్ ఫైల్ మాట వచ్చింది కాబట్టి ఒక విన్నపం. పేర్లు వాట్సాప్‌లో చూసి గుర్తున్నట్టు కొట్టకండి. ఇంపోర్ట్ పేరూ ప్యాకేజీ పేరూ అన్నిసార్లూ ఒకటి కావు. సీవీ2 కావాలంటే ఓపెన్‌సీవీ-పైథాన్, పీఐఎల్ కావాలంటే పిల్లో, యామ్ల్ కావాలంటే పైయామ్ల్. ఎస్‌కేలెర్న్ అని కొడితే ఇప్పుడు ఎర్రరే, సైకిట్-లెర్న్ అనాలి.

ఎర్రర్ వస్తే అదృష్టం. వేరే వాళ్ల ప్యాకేజీ వస్తేనే ముప్పు. 2019 డిసెంబర్‌లో జెల్లీఫిష్ అనే మంచి ప్యాకేజీ పేరు మీద నకిలీ ఒకటి బయటపడింది. అసలు పేరులో చిన్న ఎల్ ఉన్నచోట పెద్ద ఐ పెట్టారు. తెర మీద రెండూ ఒకేలా నిలువు గీతలే. అది మన మెషిన్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు (వేరే మెషిన్లలోకి లాగిన్ అయ్యేవి) ఎత్తుకుపోయేది. మా పిల్లలకి మాన్యువల్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేయమనే చెప్తాను. ల్యాబ్ మెషిన్లన్నిటిలో రిక్వైర్-వర్చువల్‌ఎన్వ్ సెట్టింగ్ కూడా పెట్టేశాను. వెన్వ్ లేకుండా పిప్ కొడితే అసలు పనిచేయదు.

పటమట_ఫైనలియర్
మేడమ్ మాటతో భయం వేసి నా వెన్వ్‌లో పేర్లన్నీ సరిచూసుకున్నాను. అన్నీ అసలువే. కానీ కొత్త చిక్కు. నా ఫైల్‌లో ఓపెన్‌సీవీ-పైథాన్, ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్ రెండూ ఉన్నాయి. రెండెందుకని హెడ్‌లెస్ తీసేశాను. ఇప్పుడు ఇంపోర్ట్ సీవీ2 అసలు నడవట్లేదు. ఓపెన్‌సీవీ-పైథాన్ మాత్రం ఉన్నట్టే చూపిస్తోంది!

టెర్మినల్_తాత
నేను చెప్పిన రికార్డ్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆ రెండు ప్యాకేజీలూ తమ ఫైళ్లని సీవీ2 అనే ఒకే ఫోల్డర్‌లో పెడతాయి. రెండోది వచ్చినప్పుడు మొదటిదాని ఫైళ్ల మీదే రాసేసింది. నువ్వు హెడ్‌లెస్ తీయమన్నావు, పిప్ దాని రికార్డ్ చదివి సీవీ2లో ఉన్నవి చెరిపేసింది. ఓపెన్‌సీవీ-పైథాన్ డిస్ట్-ఇన్ఫో చెక్కుచెదరలేదు కాబట్టి పిప్ లిస్ట్‌లో పేరు ఉంటుంది. ఫోల్డర్‌లో ఫైళ్లు మాత్రం ఉండవు. రెండూ తీసేసి, ఒక్కటి పెట్టుకో. తెర మీద బొమ్మ చూడాలంటే మామూలుది, సర్వర్ మీద నడపాలంటే హెడ్‌లెస్.

పటమట_ఫైనలియర్
నడిచింది తాతగారూ! మామూలుదే పెట్టాను.

ఇక మిగిలింది ఒకటే. పైటెసరాక్ట్ బాగానే పెట్టుకుంది కానీ నడిపితే టెసరాక్ట్ దొరకలేదు అంటోంది. పెట్టాను కదా?

కొరిటెపాడు_కోడర్
పైటెసరాక్ట్ ఒట్టి మధ్యవర్తి. అసలు టెసరాక్ట్ వేరే ప్రోగ్రామ్, దాన్ని పిప్ తీసుకురాదు. ఇది యాప్ట్ పని: 'సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ టెసరాక్ట్-ఓసీఆర్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్'. రెండో పేరు తెలుగు డేటా. అది లేకుండా నడిపితే ఇంగ్లీష్ పేజీలా చదివి పిచ్చి అక్షరాలు పోస్తుంది. కోడ్‌లో ల్యాంగ్ అన్నచోట టెల్ అని ఇవ్వడం మర్చిపోకు.

డెబియన్_దాసు
వద్దనుకున్నప్పుడు దీన్ని తీయడం కూడా యాప్ట్‌తోనే. యాప్ట్ పెట్టిన పైథాన్ ప్యాకేజీని పిప్‌తో తీయబోతే రికార్డ్ ఫైల్ లేదు, ఇది డెబియన్ పెట్టింది అని ఎర్రర్ ఇస్తుంది. సెట్టింగ్ ఫైళ్లతో సహా పోవాలంటే రిమూవ్ బదులు పర్జ్ వాడు.

నోడ్_నరసరావుపేట
వీళ్లందరూ ఇంత చెప్తున్నారు, పిప్ బదులు వాడే యూవీ పేరు ఎవరూ ఎత్తరేంటి? అందులో ప్రాజెక్ట్‌కి యూవీ యాడ్, యూవీ రిమూవ్. తీస్తే వెంట వచ్చినవీ పోతాయి. దాసన్న అడుగుతున్నది అదే కదా.

డెబియన్_దాసు
అదే! పట్టుబడితే చేయొచ్చని యూవీ చేసి చూపించింది.

టెర్మినల్_తాత
అక్కడ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఏం కావాలో రాసి ఉంటుంది కాబట్టి దానికి తెలుస్తుంది. పిప్‌కి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. నా మాటా అదే, నీ మాటా అదే. రివ్యూ అయ్యేదాకా అబ్బాయికి కొత్త పనిముట్లు చెప్పకండి, ఉన్నదానితో పోనివ్వండి.

పటమట_ఫైనలియర్
తెలుగు వచ్చేసింది! 1950ల నాటి పేజీ ఒకటి ఇస్తే చాలావరకు సరిగ్గా చదివింది. ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తడబడుతోంది.

కొరిటెపాడు_కోడర్
యాప్ట్‌లో వచ్చే తెలుగు డేటా వేగం కోసం చేసినది. టెస్‌డేటా_బెస్ట్ అని ఇంకోటి విడిగా దొరుకుతుంది, మెల్లగా నడుస్తుంది కానీ ఇంకొంచెం సరిగ్గా చదువుతుంది. అందులో టెల్ ఫైల్ ఒక్కటి దించుకో. యూజర్ షేర్ కింద యాప్ట్ పెట్టిన ఫోల్డర్‌లో మాత్రం పడేయకు, రేపు అప్‌గ్రేడ్ వస్తే యాప్ట్ దాని మీద తన ఫైల్ రాసేస్తుంది. నీ ప్రాజెక్ట్‌లోనే టెస్‌డేటా అని ఫోల్డర్ చేసి అందులో పెట్టు. నడిపేటప్పుడు --టెస్‌డేటా-డిర్ అని దాని దారి చూపించు.

పటమట_ఫైనలియర్
దించుతున్నాను అన్నా. అవుట్‌పుట్ రెండూ పక్కపక్కన పెట్టి రాత్రికి ఇక్కడ పోస్ట్ చేస్తాను.